అంగట్లో అందరి మందు, అదాలత్‌లో డాక్టరు మందు

అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు నిప్పులా కాలిపోతుంటే తల్లి ఏం చేస్తుంది? నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంది. దువా చదివి ఊదుతుంది. తెల్లవారీ వారకముందే వీధి చివరి మెడికల్ షాపుకు మనిషిని పంపుతుంది. అక్కడ మందుల చీటీ ఏదని అడిగేవారుండరు. బిడ్డ వయసెంతని అడిగితే అదే గొప్ప. చిన్న సీసా ఒకటి చేతికి వస్తుంది, బిల్లు మాత్రం రాదు. సీసా మీది అక్షరాలు ఇంగ్లీషులో, చీమ తలకాయంత పరిమాణంలో ఉంటాయి. ఆ తల్లికి తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. ఆ రెండు భాషల్లో ఏ ఒక్కదానిలోనూ ఆ సీసా ఆమెతో మాట్లాడదు. హైదరాబాద్ పాతబస్తీ మొదలుకొని గుంటూరు, కర్నూలు, కడప, నిజామాబాద్ మొహల్లాల దాకా నిత్యం జరిగే సంగతే ఇది.

దాదాపు అన్ని ఇళ్లలోనూ ఆ మందుతో జ్వరం దిగుతుంది, బిడ్డ లేచి ఆడుకుంటుంది. అందుచేత ముందే స్పష్టం చేస్తున్నాము: మా వాదం మందుల మీద కాదు. వైద్యులు చెప్పిన మోతాదులో వాడితే జ్వరం మందు బిడ్డకు మేలే చేస్తుంది. భయపడి మందు మానేయమని మేము ఎవరికీ చెప్పడం లేదు. మా ప్రశ్న వేరు. లక్షల్లో ఒక బిడ్డకు ఆ మందు విషమై పరిణమించినప్పుడు, ఆ ఒక్క బిడ్డ పక్షాన నిలబడేది ఎవరు?

నొప్పి, జ్వరం మందులు అత్యంత అరుదుగా కలిగించే ఘోరమైన ప్రతిచర్యకు వైద్యులు పెట్టిన పేరు స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్. అది ఇంకా తీవ్రరూపం దాల్చితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అంటారు. మొదట జ్వరం, గొంతునొప్పి, కళ్లు ఎర్రబారడం. ఆ తరువాత ఒంటి మీద ఎర్రని మచ్చలు, నోటి నిండా పుండ్లు, బొబ్బలు. ఆపైన కాలిన గాయాలలో వలె చర్మం పొరలు పొరలుగా ఊడిపోవడం. తీవ్రరూపంలో దాదాపు ముగ్గురిలో ఒకరు మరణిస్తారని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. బతికి బయటపడినవారిలో అనేకులకు కంటిచూపు దెబ్బతింటుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వైద్యులు ఈ జబ్బు పిల్లల కళ్లకు మిగిల్చే నష్టం గురించి, దానికి చేయగల శస్త్రచికిత్సల గురించి పరిశోధన పత్రాలే ప్రచురించారు. అంటే ఇది ఎక్కడో సముద్రాల అవతలి వ్యాధి కాదు, మన నగరంలోనే చికిత్సకు వచ్చే వ్యాధి.

దీనిలోని క్రూరమైన చిక్కు ఏమంటే, జబ్బు తొలి లక్షణమే జ్వరం. జ్వరం పెరిగింది కదా అని తల్లి అదే మందు మరొక చెంచా పోస్తుంది. దద్దుర్లు చూసి ఇరుగుపొరుగు తట్టు అంటారు, ఆటలమ్మ అంటారు. నాలుగు రోజులు అలా గడిచిపోతాయి. చివరకు పెద్దాసుపత్రిలో ఎవరో ఒక వైద్యుడు ‘ఏం మందు వాడారు?’ అని అడిగేసరికి సీసా చెత్తబుట్టలోకి చేరి ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఒక అదాలత్ కూర్చుంటుంది. అందులో ముద్దాయి కంపెనీ కాదు, షాపు కాదు, ప్రభుత్వం కాదు. ‘నువ్వే కదా తాగించావు’ అన్న ఒకే ఒక్క మాటతో ఆ తల్లికి యావజ్జీవ శిక్ష పడుతుంది. వాదనలు లేవు, అప్పీలు లేదు. మిగిలినవారు ‘కిస్మత్’ అని నిట్టూర్చి లేచిపోతారు.

ఆ తీర్పును తిరగరాయాలని మేము కోరుతున్నాము.

సీసా మీద లేని ఒక్క వాక్యం

ఇటువంటి కేసు న్యాయస్థానం మెట్లెక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగిన ఒక వ్యాజ్యాన్ని చూద్దాం. 2003లో అక్కడ ఏడేళ్ల బాలికకు జ్వరం వస్తే తల్లిదండ్రులు పిల్లల మోట్రిన్ అనే ఇబుప్రొఫెన్ మందు ఇచ్చారు. అది చీటీ లేకుండా ఎవరైనా కొనగలిగిన మందు. ఆ బాలికకు టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ సోకింది. ఒంటి మీది చర్మంలో అధికభాగం ఊడిపోయింది, చూపు దాదాపు పోయింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆ కుటుంబం జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మీద దావా వేసింది. 2013లో జ్యూరీ ఆ బాలికకు 5 కోట్ల డాలర్లు, తల్లికి, తండ్రికి చెరి 65 లక్షల డాలర్లు, మొత్తం 6 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. వడ్డీ దీనికి అదనం. 2015లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును ఖాయం చేసింది.

అక్కడ వివాదం దేని మీద నడిచిందో గమనించండి. మందు తయారీలో కల్తీ జరిగిందని ఆ కుటుంబం గెలవలేదు. మందును అసలు అమ్మకూడదనీ న్యాయస్థానం చెప్పలేదు. అలర్జీ వస్తే వాడకం ఆపమని సీసా మీద ఉంది. కానీ చర్మం ఎర్రబారినా, దద్దుర్లు లేచినా, బొబ్బలు వచ్చినా అది ప్రాణాంతక వ్యాధికి ఆరంభం కావచ్చని చెప్పే వాక్యం లేదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడమే కంపెనీ తప్పిదమని తేల్చారు. చదివి అర్థం చేసుకునే తల్లిదండ్రులకు, వారి సొంత భాషలో, చెప్పవలసినంత చెప్పనందుకే అంత పరిహారం. అలాంటప్పుడు, ఆ ఇంటికి రాని భాషలో, భూతద్దం పెట్టినా కనిపించని అక్షరాల్లో హెచ్చరిక రాయడాన్ని ఏమనాలి?

వారికి ఆ న్యాయం తేలికగా దక్కలేదని కూడా గుర్తుంచుకోవాలి. బాలిక ఏడేళ్ల వయసులో మొదలైన కథ ఆమె యువతి అయ్యేదాకా సాగింది. అయినా వారి చేతిలో మందు వివరం ఉంది, వైద్య రికార్డులు ఉన్నాయి, పక్కన న్యాయవాది ఉన్నాడు. మన పిల్లల విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

నిషేధం వచ్చింది, పరిహారం రాలేదు

ఇక మన దేశానికి వద్దాం. నిమెసులైడ్ అనే నొప్పి, జ్వరం మందు సిరప్ రూపంలో ఏళ్ల తరబడి మన పిల్లల నోళ్లలో పోశారు. కాలేయానికి ముప్పు ఉందన్న అనుమానంతో ఫిన్లాండ్, స్పెయిన్ దేశాలు 2002లోనే పెద్దలకు సైతం దాని అమ్మకాన్ని నిలిపివేశాయి. మన కేంద్ర ప్రభుత్వం 12 ఏళ్లలోపు పిల్లలకు దానిని నిషేధించినది 2011 ఫిబ్రవరిలో. మధ్యలో గడిచిన ఆ సంవత్సరాలకు లెక్క చెప్పేది ఎవరు? ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలోని 26ఎ సెక్షన్ ప్రమాదకరమైన మందును నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అప్పటికే నష్టపోయిన బిడ్డకు పరిహారం ఇప్పించే బాధ్యతను ఆ సెక్షన్ ఎవరి మీదా పెట్టలేదు. తలుపు మూశారు సరే, లోపల దెబ్బతిన్నవారి సంగతేమిటి?

రెండవ ఉదాహరణ ఇంకా తాజాది. మెఫెనమిక్ యాసిడ్ అనే మందు మన ఇళ్లలో పిల్లల జ్వరానికీ, ఆడపిల్లల నెలసరి నొప్పికీ విరివిగా వాడుతున్నదే. 2023 చివరలో భారత ఫార్మాకోపియా కమిషన్ దీనిపై ఒక భద్రతా హెచ్చరిక జారీ చేసింది. ఈ మందు వల్ల డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ ప్రతిచర్య రావచ్చని, వైద్యులూ రోగులూ కూడా జాగ్రత్తగా గమనించాలని అందులో ఉంది. దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపుతో మొదలై లోపలి అవయవాలను దెబ్బతీయగల ప్రతిచర్య అది. హెచ్చరిక వచ్చినందుకు సంతోషమే. పత్రికలలో ఒకరోజు వార్తగా వచ్చింది కూడా. కానీ ఆ హెచ్చరిక మొహల్లాలోని ఏ షాపు గోడ మీదకు చేరింది? ఏ అంగన్‌వాడీలో తెలుగులో చదివి వినిపించారు? ఏ బస్తీ దవాఖానాలో ఉర్దూలో అతికించారు? రోగులు జాగ్రత్తపడాలని రోగులకు తెలియని చోట చెప్పడం హెచ్చరిక కాదు, రేపు ‘మేము చెప్పాము కదా’ అనడానికి ముందే రాసి పెట్టుకున్న జవాబు.

రెండు నాలుకల చట్టం

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్ వంటివి షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందులు. అంటే రిజిస్టర్డ్ వైద్యుడు రాసిన చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన. ఆచరణలో ఏమవుతున్నదో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఏ వీధిలోనైనా నిలబడి అడిగి చూడండి, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినంత సులువుగా ఇస్తారు. ఇది కంపెనీకి తెలియదా? ప్రతి నెలా ఏ షాపులో ఎన్ని సీసాలు అమ్ముడైనవీ లెక్క కట్టే కంపెనీకి, చీటీలు లేకుండా అమ్ముడవుతున్నవన్న సంగతి మాత్రం తెలియదా? డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు తెలియదా?

2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యత అనే కొత్త అధ్యాయాన్ని తెచ్చింది. తగిన సూచనలు, హెచ్చరికలు లేని ఉత్పత్తి వల్ల హాని జరిగితే తయారీదారు పరిహారం చెల్లించాలన్నది దాని సారం. మంచి చట్టమే. కానీ అదే అధ్యాయంలోని 87వ సెక్షన్ ఒక మినహాయింపును కూడా ఇచ్చింది. చట్టరీత్యా నిపుణుల పర్యవేక్షణలోనే వాడవలసిన వస్తువు అయి, తయారీదారు ఆ నిపుణులకు తగువిధంగా హెచ్చరికలు తెలియజేసి ఉంటే, హెచ్చరిక లోపం పేరిట అతడు బాధ్యుడు కాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మేటప్పుడు అది అందరి మందు. చీటీ వద్దు, వైద్యుడు వద్దు, డబ్బులు చాలు. బిడ్డ చర్మం ఊడిపోయిన తరువాత, తండ్రి అదాలత్‌కు వెళ్లిన తరువాత, అది హఠాత్తుగా డాక్టరు మందు అయిపోతుంది. ‘మేము డాక్టర్లకు చెప్పాము, మీరు డాక్టరు దగ్గరకు ఎందుకు వెళ్లలేదు?’ అని కంపెనీ వకీలు అడుగుతాడు. లాభం అంగట్లో తీసుకుని, బాధ్యత ఆసుపత్రి మీదికి నెట్టే ఈ విద్యకు చట్టంలో చోటు ఉండరాదన్నది మా వాదం. చీటీ లేకుండా అమ్ముడవుతున్నదని తెలిసీ సరఫరా చేస్తూ పోయిన మందు విషయంలో ఈ మినహాయింపు చెల్లదని చట్టాన్ని సవరించాలి.

బిల్లు ఎందుకివ్వరో కూడా ఇక్కడే అర్థమవుతుంది. చీటీ లేకుండా షెడ్యూల్ హెచ్ మందు అమ్మినట్టు తన చేతితో తానే సాక్ష్యం ఎవడు రాసిస్తాడు? బిల్లు లేకపోతే కొన్నట్టు రుజువు లేదు. రుజువు లేకపోతే మీరు వినియోగదారులే కాదు. పన్నులో కొంత మిగిలిందని మనం సంతోషించే ఆ చిన్న కాగితం, నిజానికి మన బిడ్డకు న్యాయస్థానంలోకి ప్రవేశ పత్రం.

మొహల్లా మెడికల్ షాపు నడిపేవాడు తరచు మనవాడే, మన వీధివాడే. అతనిని ఒక్కడినే బోనులో నిలబెట్టి కంపెనీని వదిలివేయమని మేము చెప్పడం లేదు. తయారీదారు హెచ్చరికలను కొనేవారికి అందజేయని విక్రేతకు కూడా ఆ చట్టం బాధ్యత పెట్టింది, అది అతనూ తెలుసుకోవాలి. కానీ పెద్ద చేప తప్పించుకుని చిన్న చేప వలలో చిక్కడం న్యాయం కాదు.

పేదవానికి వకీలు దొరకడా?

‘ఇదంతా ఉన్నవాళ్ల సంగతి, మాకు వకీలును పెట్టుకునే స్తోమత ఎక్కడిది?’ అని బీడీలు చుట్టే తల్లి, మెకానిక్ షెడ్డులో పనిచేసే తండ్రి అడుగుతారు. వారికి ఎవరూ చెప్పని ఒక సత్యం ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ప్రతి స్త్రీకీ, ప్రతి బిడ్డకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. వారి ఆదాయంతో నిమిత్తం లేదు. మతంతో, కులంతో నిమిత్తం లేదు. రేషన్ కార్డు రంగు అడగనక్కర్లేదు. దెబ్బతిన్న బిడ్డ బిడ్డే, ఆమె తల్లి స్త్రీయే. కనుక ఆ ఇద్దరూ చట్టం దృష్టిలో అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. వినియోగదారుల కమిషన్ ముందు వేసే కేసులకు కూడా ఈ సహాయం వర్తిస్తుంది.

ఇంకొన్ని సంగతులు మన ఇళ్లలో ప్రతి ఒక్కరికీ కంఠస్థం కావాలి. బిడ్డ తరఫున తల్లి గానీ తండ్రి గానీ ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ముంబయిలో ఉన్నా, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఏ కమిషన్‌కు వెళ్లాలి, రుసుము ఎంత అన్నవి మనం అడిగే పరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి నిర్ణయమవుతాయి. 5 లక్షల రూపాయల లోపు ధరకు రుసుము లేదు. మందు సీసా ధర ఎంతో మనకు తెలుసు. గడువు రెండేళ్లు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నది గానీ, దానిని నమ్ముకుని కూర్చోరాదు. ఆసుపత్రి నుంచి వైద్య రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతున్నది. మందు ప్రతిచర్యలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. వైద్యులే కాదు, రోగి కుటుంబం కూడా దానికి తెలియజేయవచ్చు. ఆ నమోదు ఒక్కటే కేసును గెలిపించదు. కానీ నమోదు కాని గాయం ప్రభుత్వం దృష్టిలో జరగని గాయమే.

అన్నిటికన్నా ముందు బిడ్డ ప్రాణం. జ్వరం మందు వాడుతుండగా దద్దుర్లు, నోటిలో పుండ్లు, కళ్ల ఎరుపు, బొబ్బలు కనిపిస్తే ఆ మందు ఆపి, అదే గంటలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. సీసా, డబ్బా, అట్ట, బిల్లు ఏవీ పారేయరాదు. అవి తొలుత వైద్యునికి పనికివస్తాయి, తరువాత న్యాయవాదికి పనికివస్తాయి. ఒంటి మీది మచ్చలను మొదటి రోజే తేదీతో ఫోన్‌లో ఫోటో తీసి ఉంచాలి.

దారి ఉంది గనుక అంతా సవ్యంగా ఉన్నదని మేము అనడం లేదు. 1998లో అనురాధా సాహా అనే యువతి ఇదే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్‌తో, కోల్‌కతాలో జరిగిన తప్పుడు చికిత్స కారణంగా మరణించింది. ఆమె భర్త స్వయంగా వైద్యుడు. అమెరికాలో స్థిరపడినవాడు. ఆయనకు సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించినది 2013లో. చదువు, ధనం, వైద్యజ్ఞానం మూడూ ఉన్నవానికే 15 ఏళ్లు పడితే, రోజు కూలి మానుకుని వాయిదాలకు తిరిగే తండ్రి ఎన్నేళ్లు తిరగాలి? అందుకే కేసులు వేయమని చెప్పి ఊరుకుంటే చాలదు, కేసు అవసరమే లేని ఏర్పాటును కూడా అడగాలి.

సబర్ వేరు, మౌనం వేరు

ప్రభుత్వాన్ని అడిగేముందు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. బిడ్డకు కీడు జరిగితే సబర్ వహించమని మన పెద్దలు చెబుతారు. సబర్ గొప్ప గుణం. అది దుఃఖాన్ని తట్టుకునే శక్తి. కానీ అన్యాయం చేసినవాడికి రశీదు రాసివ్వడం సబర్ కాదు. ఒంటెను కట్టివేసిన తరువాతనే అల్లాహ్ మీద భరోసా ఉంచాలన్న బోధను చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం మనం. మరి బిల్లు అడగడం, సీసా దాచడం, ఫిర్యాదు రాయడం ఒంటెను కట్టడం కాదా? తఖ్దీర్ మీద నెపం వేసి తల్లిని దోషిగా నిలబెట్టే ఇంటిపెద్దలు, తఖ్దీర్‌నూ అవమానిస్తున్నారు, తల్లినీ అవమానిస్తున్నారు.

మనలో మరొక భయం కూడా ఉంది. కోర్టు, కాగితం, కార్యాలయం అంటే వెనుకంజ. పేరు చెప్పగానే ఎదుటివాని చూపు మారుతుందన్న అనుభవం నుంచి పుట్టిన భయం అది, దానిని మేము తేలిక చేయము. ముస్లింలు ఎక్కువగా నివసించే ఊళ్లకు వైద్య సదుపాయాలు సరిగా చేరలేదని 2006లోనే సచార్ కమిటీ నివేదిక ఎత్తిచూపింది. వైద్యుడు చేరని చోట మెడికల్ షాపే ఆసుపత్రి అవుతుంది. కనుక చీటీ లేకుండా మందు కొనడం మన అలవాటు కాదు, మనకు మిగిల్చిన గతి. ఆ గతికి కారకులే రేపు ‘చీటీ ఏది?’ అని మనల్ని నిలదీయడం తగునా?

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటుంది. జబ్బుపడిన బిడ్డ కోసం జుమా నాడు చందా పోగు చేస్తారు, జకాత్ సొమ్ముతో ఆసుపత్రి బిల్లు కడతారు. అది పుణ్యకార్యమే. దానితోపాటు ఆ బిడ్డ కేసు కాగితాలను కూడా పోగు చేయండి. ఒక ఫైలు తెరవండి. మొహల్లాలో వకాలత్ చేసే యువకులను, యువతులను వారానికి ఒక గంట కూర్చోమనండి. చందా నేటి గాయానికి మందు. ఫైలు రేపటి బిడ్డకు కవచం.

మేము కోరేది ఇదీ

మొదటిది, భాష. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించాయి. తెలుగు ఎటూ అధికార భాషే. అధికార భాష అంటే కార్యాలయాల బోర్డుల మీద కనిపించేది మాత్రమేనా? పిల్లల నొప్పి, జ్వరం మందుల మీద ‘దద్దుర్లు గానీ నోటిపుండ్లు గానీ కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి’ అన్న వాక్యం తెలుగు, ఉర్దూలలో, చదవదగిన అక్షరాలతో, బొమ్మతో సహా ఉండాలి. స్థలం చాలదన్న సాకు చెల్లదు. 2023 ఆగస్టు నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మందుల మీద కోడ్ ముద్రించాలన్న నిబంధన అమలులో ఉంది. ఫోన్‌తో చూస్తే తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వస్తాయి. దుష్ఫలితాల హెచ్చరిక ఆ నిబంధనలో లేదు. అందులోనే అన్ని భాషల్లో మాటగా వినిపించే హెచ్చరికను చేర్చడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది?

రెండవది, చీటీ లేకుండా అమ్మదగిన మందుల జాబితాను చట్టంలో స్పష్టంగా నిర్వచించాలి. ఇప్పటికీ మన చట్టంలో అటువంటి ప్రత్యేక తరగతి లేదు. దానితోపాటు మేము పైన చెప్పిన రీతిలో 87వ సెక్షన్ మినహాయింపును సవరించాలి.

మూడవది, ఎవరి తప్పని తేలేదాకా బిడ్డను వేచి ఉండనీయని సహాయ నిధి. జపాన్‌లో 1980 నుంచి ఇటువంటి నిధి ఉంది. థాలిడోమైడ్ వంటి మందుల విషాదాల తరువాత ఆ దేశం దానిని ఏర్పరచుకుంది. మందును సక్రమంగా వాడినప్పటికీ తీవ్రమైన హాని జరిగితే, చీటీ లేకుండా కొన్న మందైనా సరే, చికిత్స ఖర్చు, వైకల్యానికి పింఛను, మరణిస్తే కుటుంబానికి సాయం అందుతాయి. నిధికి సొమ్ము కట్టేవి ఔషధ కంపెనీలు. మన దేశంలో కొత్త మందును పరీక్షించే ప్రయోగాలలో పాల్గొన్నవారికి ఆ ప్రయోగం వల్ల హాని జరిగితే పరిహారం చెల్లించాలని 2019 నిబంధనలున్నాయి. ప్రయోగశాలలో గాయపడినవానికి వర్తించే న్యాయం, అంగట్లో డబ్బిచ్చి కొని గాయపడిన బిడ్డకు ఎందుకు వర్తించదు?

నాలుగవది, న్యాయ సేవాధికార సంస్థలు కోర్టు ఆవరణ దాటి రావాలి. పిల్లల ఆసుపత్రులలో, కాలిన గాయాల వార్డులలో, బస్తీ దవాఖానాలలో వారి వాలంటీర్లు కూర్చోవాలి. చర్మం ఊడిపోతున్న బిడ్డ మంచం పక్కన కూర్చున్న తల్లి కోర్టు కార్యాలయాన్ని వెతుక్కుంటూ రాలేదు. ఆమె హక్కే ఆమె దగ్గరకు రావాలి. అందులో ఉర్దూ మాట్లాడగల మహిళలు ఉండాలి.

ఈ నాలుగూ ముస్లింలకు మాత్రమే మేలు చేసేవి కావు. చీటీ లేకుండా మందు కొనే ప్రతి పేద ఇంటికీ, దళితవాడకూ, తండాకూ ఇవి అవసరమే. వారందరితో కలిసి అడుగుదాం.

ఏదో ఒక రాత్రి మళ్లీ ఒక బిడ్డ ఒళ్లు కాలిపోతుంది. మళ్లీ ఒక సీసా ఇంటికి వస్తుంది. దాని వెంట బిల్లు కూడా రావాలి. దాని మీద తల్లి చదవగలిగిన హెచ్చరిక ఉండాలి. ఒకవేళ కీడే జరిగితే, ఆ ఇంట్లో ఎవరూ తల్లి వైపు వేలు చూపించరాదు. ఆ వేలు తయారుచేసినవాని వైపు, అనుమతించినవాని వైపు తిరగాలి. ఆ వేలును సరైన వైపు తిప్పే వకీలును ఉచితంగా ఇస్తామని ఈ దేశ చట్టం మాట ఇచ్చి 38 ఏళ్లు దాటాయి. ఆ మాటను నిలబెట్టుకోమని అడగడం భిక్ష కాదు, మన బిడ్డల హక్కు.